అదుపులోని అగ్ని: జమాఖర్చులు



పుస్తకములకు ఇద్దరు శత్రువులు: ఒకటి చెద, రెండవది నిప్పు. అట్టి నిప్పును గుఱించి గ్రంథాలయ రజతోత్సవ సభలో ప్రసంగమేమని కొందఱికి వింతగా తోచవచ్చును. కాని చెఱకు నరికిన పిమ్మట, వరి కోసిన పిమ్మట, సాయంకాలము పుల్లేరు గట్టుపై నిలిచి చూచినవారికి ఇది వింత గాదు. ఒకచోట చెఱకు ఆకు మండుచుండును. వేఱొకచోట వరి కొయ్యకాళ్లు మండుచుండును. పొగ బందరు రోడ్డుకు అడ్డముగా పఱచుకొనును. తన నిప్పు తన చేతిలోనే యున్నదని ప్రతి రైతును నమ్మును. గట్టుమీది తాటిచెట్టు మాడిన నాడు, ప్రక్కవాని గడ్డివామి అంటుకొన్న నాడు, ఆ నమ్మకము విలువ యెంతటిదో తెలియును.

తెలిసి నిప్పు పెట్టుట మంచిదా, చెడ్డదా యను వాదము పొలముకంటె ముందు అడవిలో పెరిగినది. అడవి విషయమున ప్రభుత్వములు నూటయేబది యేండ్లకు పైగా వాదించి, పొరపడి, దిద్దుకొనినవి. కావున ముందు అడవి లెక్క చూచి, పిదప పొలము లెక్కకు వచ్చుట క్రమము. లెక్క యన్నప్పుడు జమ, ఖర్చు, నిలువ మూడును చూపవలెను. జమ మాత్రమే చూపి ఖర్చు దాచిన చిట్టా చిట్టా కాదు.

అడవిని కాల్చుట యనగానే తెలుగువానికి మొదట జ్ఞప్తికి వచ్చునది ఖాండవదహనము. భారతమున ఆదిపర్వము చివర ఆ కథ కలదు. శ్వేతకి మహారాజు యాగములో పండ్రెండేండ్లు ఎడతెగక ఘృతము త్రాగిన అగ్నిదేవునకు అజీర్తి కలిగినది. ఖాండవమును భక్షించినగాని ఆ వ్యాధి పోదు. ఆయన ఏడుమారులు యత్నించి విఫలుడయ్యెను. తుదకు కృష్ణార్జునులు అడవికి ఇరుప్రక్కల కావలి నిలిచిన పిమ్మటనే పని నెఱవేరినది. ఈ కథలో నేటివారు గమనింపదగినవి మూడు కలవు. మొదటిది, ఆ నిప్పుకు కావలి యున్నది. రెండవది, ఆ మంటలో దిక్కుతోచక విలపించినవి రెక్కలు రాని శార్ఙ్గక పక్షి పిల్లలు. తప్పించుకొనలేనివారి గతి యేమన్న ప్రశ్న కవి ఆనాడే వేసెను. మూడవది, తల్లిని పోగొట్టుకొని బయటపడిన అశ్వసేనుడను సర్పము ఏండ్ల తరబడి పగ మోసి, కురుక్షేత్రమున కర్ణుని బాణములో జేరి అర్జునునిపైకి వచ్చెను. ఆనాటి నిప్పు శేషము అంత దూరము వెంటాడినది. ఈ మూడింటిని మనస్సున నుంచుకొని ముందుకు సాగవలెను.

అడవిలో సాధారణముగా మొదట మండునది చెట్టు గాదు, చెట్టు క్రింది చెత్త. ఆంధ్రదేశపు కొండలపై నున్నవి చాలవఱకు ఆకురాల్చు అడవులు. మాఘ ఫాల్గుణములలో ఆకు రాలును. గడ్డి యెండును. అందులో పడిన నిప్పు నేలబారున ప్రాకును. దాని ప్రతాపము నాలుగింటిపై ఆధారపడును: చెత్త యెంత, ఎండుదల యెంత, గాలి యెంత, వాలు యెంత. గాలికి ఎదురుగా పోవు మంట మోకాలి యెత్తున మెల్లగా నడచును. గాలితో కలిసిన మంట పరుగెత్తును. కొండ దిగు మంటకంటె కొండ యెక్కు మంట వేగముగా పోవును. గడ్డి సగము పచ్చిగా, నేల మంచుతో తడిగా నున్న తఱిని పెట్టిన నిప్పు చెత్తను తిని తనంతట చల్లారును. అదే నిప్పు చైత్ర వైశాఖములలో పడినచో చెట్టు కాండమును, కొన్నిచోట్ల కొమ్మలను గూడ పట్టును. ఈ భేదము నెఱిగి, హద్దు గీచి, వేళ చూచి, మనుష్యులను నిలిపి పెట్టు నిప్పునే నియంత్రిత దహన మందురు.

ఇక జమ. చల్లని వేళ చిన్న నిప్పుతో చెత్త పోయినచోట ఎండకాలపు పెద్ద నిప్పుకు ఆహారముండదు. ఇది మొదటి లాభము, ముఖ్య లాభము. కాలిన నేలపై లేగడ్డి మొలచును. చుక్కల దుప్పులు దానికై చేరును. దుప్పులున్నచోటికి పులి వచ్చును. బూడిదలో పొటాషు, భాస్వరము, సున్నము నేలకు చేరును. టేకు గింజ పెంకు గట్టిది. కొంత వేడి తగిలిన ఆ గింజ సులభముగా మొలచునని అటవీశాస్త్రజ్ఞు లెఱుగుదురు. కర్ణాటకలో బిళిగిరి రంగనాథుని కొండలయందుండు సోలిగ గిరిజనులు పూర్వము ఏటేట నేలపై రాలిన ఆకుకు చిన్న నిప్పు పెట్టుచుండెడివారు. 1974లో ఆ కొండలను అభయారణ్యముగా ప్రకటించిన పిమ్మట ఆ యాచారము ఆగినది. అటుపిమ్మట లంటానా కంప అడవి నిండ ప్రబలినదనియు, ఉసిరి చెట్లపై బదనిక పెరిగినదనియు సోలిగలు చెప్పుదురు. ఆ మాటను పరిశోధకులును త్రోసివేయక విచారించుచున్నారు.

ఖర్చు పుట జమకంటె పొడుగైనది. మండిన ఆకులోని నత్రజని వాయువై పోవును. అది బూడిదలో మిగులదు. మట్టికి జీవమైన కుళ్లిన ఆకు నశించును. ముదురు చెట్టు దట్టమైన బెరడుతో నిప్పును సహించును గాని, జానెడు మొక్క సహింపదు. ఒక యేడు కాలిన అడవి కోలుకొనును. ఏటేట కాలిన అడవిలో చెట్లుండును గాని వాటి పిల్లలుండవు. అది వారసులు లేని పెద్దల యిల్లువలె పైకి నిండుగా కనబడుచునే అంతరించుటకు సిద్ధమగును. నేలపై గ్రుడ్లు పెట్టు కౌజులకు, కముజులకు, పరుగిడలేని తాబేళ్లకు, మొదట చెప్పిన శార్ఙ్గక పిల్లల ఆపదయే. వాలుమీద చెత్త పోయినచో తొలకరి వాన బూడిదను, దాని వెనుక మట్టిని గూడ కొట్టుకొని పోవును. నల్లమల కొండలు కృష్ణానది కిరుప్రక్కల నున్నవి. ఆ వాలులమీది నీరు శ్రీశైలము, నాగార్జునసాగరము దాటి ప్రకాశము బ్యారేజిని చేరి బందరు కాలువలో ప్రవహించును. కావున కొండమీది నిప్పు ఉయ్యూరు రైతునకు సంబంధింపని సంగతి కాదు.

ఈ జమాఖర్చులలో ఒక పుటనే చదివిన ప్రభుత్వములు రెండు విధముల దెబ్బతిన్నవి. భారతదేశమున 1864లో అటవీశాఖ ఏర్పడినది. నాటి ఆంగ్లాధికారులు నిప్పును అడవికి ప్రథమ శత్రువుగా నెంచి దానిని పూర్తిగా నిషేధించుటకు పూనుకొనిరి. బెంగాలు, అస్సాము ప్రాంతముల తడి అడవులలో వారి పట్టుదల ఫలించినది. ఫలితము మాత్రము వారు కోరినది కాదు. నీడలో పెరుగు పొదలు దట్టమై, ఏ సాలవృక్షముల కొఱకు ఆ కాపుదల పెట్టిరో ఆ సాల మొక్కలే మొలచుట మానినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఆ శాఖవారే అచ్చట మరల నిప్పు చేతబట్టవలసి వచ్చినది.

అమెరికాలో 1935వ సంవత్సరమున అటవీశాఖ ఒక నియమము పెట్టినది. అడవిలో ఏ నిప్పు కనబడినను మఱునాటి ఉదయము పది గంటలలోపల ఆర్పవలెను. నాలుగు దశాబ్దులకు పైగా అట్లే చేసిరి. ప్రతి చిన్న మంటను ఆర్పుచుండగా చెత్త పేరుకొనుచు వచ్చినది. అది పెద్ద మంటలకు వంటచెఱకైనది. 1978లో ఆ నియమమును విడిచిరి. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున ఆదివాసులు ఎండకాలము ముదురకముందే చల్లని నిప్పులు పెట్టు పద్ధతిని 2006 మొదలు విశాలముగా పునరుద్ధరించి, ఆలస్యముగా వచ్చు పెనుమంటలను తగ్గించుకొనిరి.

ఇది విని నిప్పు పెట్టుటయే శాస్త్రమని తీర్మానింపరాదు. 2022వ సంవత్సరమున అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రములో జరిగినది వినదగినది. అచ్చటి అటవీశాఖ ఏప్రిల్ నెలలో పెట్టిన నియంత్రిత దహనము ఒకటి గాలికి హద్దు దాటినది. అంతకుముందు జనవరిలో వారే కాల్చిన చెత్తకుప్ప యొకటి ఆరినదని తలచి విడిచిరి. అది మంచు క్రింద మూడు నెలలు నివురుగప్పి యుండి ఏప్రిల్‌లో లేచినది. రెండును కలిసి 3,41,000 ఎకరములకు పైగా దహించినవి. వందలాది ఇండ్లు బూడిదైనవి. అక్కడ శాస్త్రమున్నది, యంత్రములున్నవి, శిక్షణగల మనుష్యులున్నారు. లేనిది చల్లారినదా యని చేయిపెట్టి చూచు కడపటి జాగ్రత్త. అప్పును, నిప్పును, పగను మిగుల్పరాదని పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఇక స్వదేశపు అడవి. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలము అభయారణ్యము 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014లో రాష్ట్రము రెండుగా చీలిన పిమ్మట నదికి ఉత్తరపు భాగము అమ్రాబాదు పేర తెలంగాణమునకు చెందినది. అచ్చటి నిప్పులు దాదాపు అన్నియు మనుష్యుల వలన పుట్టునవే. తునికాకు లేతగా చిగుర్చునని కొందఱు, పశువులకు లేగడ్డి వచ్చునని కొందఱు, రాలిన ఇప్పపువ్వు ఏఱుటకు నేల శుభ్రమగునని కొందఱు నిప్పు పెట్టుదురు. తేనె తీయువాని దివిటీ నుండి, యాత్రికుని పొయ్యి నుండి, బాటసారి పారవేసిన బీడీ నుండి కొన్ని పుట్టును. తునికాకు విషయమున కాల్చుటకు బదులు మొక్కను నేలమట్టముగా నరికినను చిగురు వచ్చును. ఆ పద్ధతి అమలులో నున్నది.

అటవీశాఖవారు చలికాలము చివర బాటల వెంట, సరిహద్దుల వెంట పట్టీలుగా గడ్డిని, ఆకును తీసి, అదుపులో కాల్చివేయుదురు. వానినే ఫైర్‌లైన్లందురు, అనగా అగ్నిరేఖలు. ఎండకాలపు మంట అచ్చటికి వచ్చి తినుటకేమియు లేక ఆగవలెనని వారి యుద్దేశము. ఈ ప్రాంతమున నియంత్రిత దహనమనగా ముఖ్యముగా ఇదియే. అడవినంతయు కాల్చుట కాదు, అడవిని కాపాడుటకు అంచును కాల్చుట. 2004 మొదలు భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహములతో నిప్పును కనిపెట్టి వార్త పంపుచున్నారు. ఉపగ్రహము నిప్పును చూపగలదు గాని ఆర్పలేదు. ఆర్పువాడు పచ్చికొమ్మ చేతబట్టి వాలు వెంట నడచి పోవలెను. నల్లమలలో ఆ పనిలో చెంచులు ముందుందురు. వారికి వాగు తెలియును, గాలి తెలియును, ఏ గుట్టవెనుక ఏ బండ యున్నదో తెలియును. అడవి నుండి వారిని దూరము చేసి అడవిని కాపాడుదుమనుట కావలివానిని పంపివేసి తాళము కొనుటవంటిది. అట్లని ఎవరికి తోచినచోట వారు నిప్పు పెట్టుటకు వీలులేదు. 1967నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమును, 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును దానిని నేరముగా నెంచినవి. చట్టమును, చెంచుల ఎఱుకయు ఒక చేతికి వచ్చిననాడే అగ్నిరేఖ నిలుచును.

అన్ని అడవులకు ఒకే లెక్క పనికిరాదు. కృష్ణ సముద్రములో కలియు చోట, నాగాయలంక కోడూరు ప్రాంతములలో మడ అడవులున్నవి. ఉప్పునీటిలో, బురదలో పెరుగు ఆ చెట్లకు నిప్పుతో పరిచయము లేదు. వానికి దహనము వలన జమ యేమియు లేదు, అంతయు ఖర్చే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచిన నాటినుండి మడ అడవి విలువను అచ్చటివారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. నల్లమల యంచులలో మందైనది మడ అడవిలో విషము.

ఈ వెలుతురులో ఇంటిముందరి పొలమును చూడవలెను.

చెఱకు నరికిన పిమ్మట ఆకు కాల్చి నీరు పెట్టినచో కార్శి తోట పిలకలు సమముగా లేచునని రైతులు చెప్పుదురు. దున్నుటకు, బోదెలు తీయుటకు అడ్డుండదు. తోటలో పొలుసు పురుగుగాని, కాటుక తెగులుగాని, ఎఱ్ఱకుళ్లుగాని బలముగా నున్నచో ఆ చెత్తను, ఆ దుబ్బులను కాల్చుటయే మేలని వ్యవసాయశాఖవారును చెప్పుదురు. ఇది జమ. కాని తెగులు లేని తోటలో ఆ ఆకే ధనము. మొక్కతోటలో నాటిన మూడవనాడు ఎకరమునకు టన్నుంబాతిక చెత్త కప్పినచో తేమ నిలుచును, కలుపు తగ్గును, పీకపురుగు తగ్గును. కార్శిలో మోళ్లను నేలమట్టముగా చెక్కి, ఆకును సాళ్లలో పఱచిన పిలకలకు అడ్డుండదు. తెగులు లేని చోట కాల్చుట ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుట.

వరి సంగతి కొంత క్లిష్టము. పూర్వము కోతకు రెండు మూడు దినముల ముందు నిలుచున్న వరిలోనే మినుములు చల్లి, కొడవలితో కోసి, పనలు కుప్ప వేయుచుండెడివారు. నేలలోని తేమతోనే మినుము పండెడిది. కోత యంత్రము వచ్చిన పిమ్మట పొడుగు కొయ్యకాళ్లు నిలుచును, వాని నడుమ గడ్డి వరుసలుగా పడి మినుము మొలకను కప్పివేయును. తేమ ఆరకముందే మినుము పడవలెను. గడ్డిని కట్టించుటకు డబ్బు, మనుష్యులు కావలెను. అగ్గిపుల్ల చవుక. కావున కాల్చు రైతును సోమరియనియు, పాపియనియు నిందించుట న్యాయము గాదు. అయినను లెక్క లెక్కయే. టన్ను వరిగడ్డిలో అయిదు మొదలు ఎనిమిది కిలోల నత్రజని యుండును. మండినప్పుడు అది ఇంచుమించు పూర్తిగా పోవును. నాలుగు టన్నుల గడ్డి కాల్చినవాడు తక్కువలో తక్కువ ఇంచుమించు ఒక యూరియా బస్తాలోని నత్రజనిని పొగలో వదలినట్లే. తరువాత అదే బస్తాను అప్పు చేసి కొనుచున్నాడు. దివిసీమలో పశువులు గడ్డికి అల్లాడు దినములలో ఇచ్చట గడ్డి మండుట మఱొక నష్టము. గడ్డిని కట్టలుగా చుట్టు యంత్రములు ఉన్నవి. ఒక్కొక్క రైతు ఒంటరిగా పిలిచినచో ఖర్చెక్కువ. పది మంది కలిసి ఒకేమారు పిలిచినచో భారము తగ్గును.

తప్పనిసరియై కాల్చవలసి వచ్చినచో, అడవి నేర్పిన అయిదు నియమములను పొలమునందును పాటింపవలెను.

హద్దు: నిప్పు పెట్టకముందే నాలుగు గట్ల వెంట బారెడు వెడల్పున చెత్త తీసి, వీలైన నీరు పెట్టవలెను. తాటిచెట్ల మొదళ్ల చుట్టును అట్లే తీయవలెను. మంట లేచిన పిమ్మట హద్దు గీచుట ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వుట.

వేళ: మంచు విడిచిన ఉదయమే తగిన కాలము. మధ్యాహ్నపు టెండలో, చీకటి పడిన పిమ్మట పెట్టరాదు.

గాలి: ఎండకాలమున ఉదయము ఒక దిక్కున వీచిన గాలి మధ్యాహ్నము దాటగానే పైరగాలియై సముద్రము వైపునుండి మళ్లును. ఆ మళ్లింపులోనే వాములు కాలును. పొగ రోడ్డుమీదికి పోవు దినమున నిప్పు పెట్టనే రాదు. బండి నడుపువానికి పొగలో ఎదుటి బండి కనబడదు.

కావలి: ప్రక్క పొలముల వారికి ముందుగా చెప్పి, నీళ్లతో, పచ్చికొమ్మలతో నలుగురు నిలువవలెను. ఒంటరిగా నిప్పు పెట్టువానికి ఖాండవమున అర్జునుడొక్కడు చాలలేదని తెలియవలెను.

శేషము: గట్టుమీది మోడులో, తాటి మొదటిలో, కుప్ప అడుగున నిప్పు రాత్రియంతయు బ్రతుకును. బూడిద చేతికి చల్లగా తగులువఱకు ఇంటికి మరలరాదు.

ఇక నిలువ తేల్చవలెను. పూర్తి నిషేధము తప్పని సాలవనములు చెప్పినవి. అజాగ్రత్త తప్పని న్యూమెక్సికో చెప్పినది. ఎండు అడవిలో, తెలిసినవారి చేత, అంచున, చల్లని వేళ పెట్టిన నిప్పు అడవికి మందు. అదే నిప్పు ఏటేట, అంతటను, ఎవరుబడితే వారు పెట్టినచో రోగము. పొలమున తెగులు సోకిన చెత్తకే నిప్పు తగును. మిగిలినదంతయు భూమికో, పశువుకో చెందవలెను. నిప్పు పెట్టవలెనా, వలదా యను ప్రశ్నకంటె, పెట్టినవాడు చివరివఱకు నిలుచునా యను ప్రశ్న పెద్దది.

ఋగ్వేదమున మొట్టమొదటి సూక్తము అగ్నిని పురోహితుడని స్తుతించుచున్నది. పురోహితుని ఇంటికి పిలిచిన గృహస్థు కార్యము నడుమ లేచి పోడు. ఆయనకు ముందు పీట వేయును, నడుమ నీరందించును, చివర దక్షిణ యిచ్చి వీధి గుమ్మము దాటువఱకు సాగనంపును. పొలములోనికి అగ్నిని పిలిచినవానికిని ఆ మర్యాదయే విధి. ఈ మాట వచ్చు కోతలలో ఒక్క గడ్డివామిని కాపాడినను, ఒక్క తాటిచెట్టును నిలిపినను, గ్రంథాలయము గ్రామమునకు చేసిన సేవలో అదియు నొకటియగును.